శిక్షణ చౌక, గడువు ఖరీదు: ఆఫ్రికా పట్టభద్రుల వ్యాపార ఫెలోషిప్‌లు

నైజీరియాలో డిగ్రీ పూర్తయినవాళ్లు ఒక ఏడాది దేశసేవ చెయ్యాలి. అంతర్యుద్ధం ముగిసిన మూడేళ్లకు, 1973లో పెట్టిన ఏర్పాటు అది. ముప్పై ఏళ్లలోపు పట్టభద్రులను సాధారణంగా సొంత రాష్ట్రం కాని చోటికి పంపుతారు. ఖాకీ ప్యాంటు, బూట్లు, టోపీతో కనబడే ఈ అబ్బాయిలను, అమ్మాయిలను ఊళ్లో అందరూ 'కార్పర్' అని పిలుస్తారు. ప్రభుత్వం నెలనెలా భత్యం ఇస్తుంది. కొన్నేళ్లు ఎదుగూబొదుగూ లేకుండా ఉన్న ఆ భత్యాన్ని 33,000 నైరాల నుంచి 77,000కు పెంచుతున్నట్టు 2024లో ప్రకటించారు. ఏడాది చివర కవాతు జరుగుతుంది, సర్టిఫికెట్ చేతికొస్తుంది, కుటుంబమంతా ఫొటోలు దిగుతుంది. ఆ తర్వాతి నెల నుంచి భత్యం ఆగిపోతుంది.

కొన్నాళ్లు డబ్బు, శిక్షణ ఇచ్చి యువతతో కంపెనీలు పెట్టించే వ్యాపార ఫెలోషిప్‌లు ఎందుకు పుట్టాయో అర్థం కావాలంటే భత్యం ఆగిపోయిన ఆ నెల దగ్గర ఆగి చూడాలి. చదివించడానికి ఇంట్లో వాళ్లు పొలం అమ్మి ఉంటారు, లేదా అక్క తన చదువు మానుకుని ఉంటుంది. ఇప్పుడు తమ్ముడి ఫీజు, అమ్మ మందులు, ఇంటి అద్దె వరసలో నిలబడి ఉంటాయి. దక్షిణాఫ్రికాలో దీనికి 'బ్లాక్ ట్యాక్స్' అనే పేరే ఉంది. ఇంట్లో మొదట సంపాదించినవాళ్లు మిగతా అందరికీ కట్టే పన్ను అన్నమాట. ఆ పన్ను కట్టాల్సిన మనిషి "ఒక ఏడాది జీతం లేకుండా కంపెనీ పెట్టి చూస్తాను" అని ఇంట్లో ఎలా చెప్పగలడు?

పోనీ ఉద్యోగాలున్నాయా అంటే, ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు చాలా కాలంగా చెబుతున్న లెక్క ఇది: ఖండం మొత్తం మీద ఏటా కోటి నుంచి కోటీ ఇరవై లక్షల మంది యువత పనికోసం బయటికొస్తుంటే, నికరమైన ఉద్యోగాలు ముప్పై లక్షల దాకా మాత్రమే పుడుతున్నాయి. మిగతావాళ్లు ఖాళీగా కూర్చోరు, కూర్చోలేరు. ఫోన్ క్రెడిట్ అమ్ముతారు, బైక్ ట్యాక్సీ నడుపుతారు, బట్టలు తెచ్చి వాట్సాప్‌లో అమ్ముతారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018 లెక్క ప్రకారం ఆఫ్రికాలో పనిచేసేవాళ్లలో దాదాపు 85 శాతం ఇలాంటి నమోదు లేని పనుల్లోనే ఉన్నారు. కాబట్టి అక్కడ వ్యాపారం చేసేవాళ్లకు కొరత లేదు. కొరతల్లా ఒక్క మనిషి పొట్ట పోసుకునే వ్యాపారం నుంచి పది మందికి జీతమిచ్చే వ్యాపారానికి ఎదిగేవాళ్లకే. ఆ ఎదుగుదలకు డబ్బు కావాలి, తోడు కావాలి, అన్నిటికన్నా ముందు కొన్నాళ్లపాటు ఇంటి ఖర్చు గురించి టెన్షన్ పడకుండా ఉండే గడువు కావాలి. ఫెలోషిప్ ఇచ్చే అసలు వస్తువు ఈ గడువే. పాఠాలు, గురువులు, సర్టిఫికెట్లు దాని తర్వాతి మాట.

ఘనా రాజధాని అక్రాలోని 'మెస్ట్' ఇందుకు మంచి ఉదాహరణ. 2008లో దీన్ని మొదలుపెట్టిన యోర్న్ లీసెగెన్ దక్షిణ కొరియాలో పుట్టి, నార్వే కుటుంబానికి దత్తుడిగా వెళ్లి పెరిగినవాడు. మీడియాలో ఎవరి గురించి ఏం వస్తోందో కంపెనీలకు చెప్పే 'మెల్ట్‌వాటర్' సంస్థను పెట్టి డబ్బు సంపాదించాడు. ఆ డబ్బుతోనే అక్రాలో పట్టభద్రుల కోసం పూర్తికాలపు శిక్షణ మొదలుపెట్టాడు. మొదట ఘనా యువతనే తీసుకున్నా, తర్వాత నైజీరియా, కెన్యా, ఇంకా ఇతర దేశాల వాళ్లకూ తలుపు తెరిచారు. ఫీజు లేదు. పైగా ఉండడానికి గది, తిండికి ఏర్పాటు, చేతిఖర్చుకు కొంత. అక్కడ చేరినవాళ్లను విద్యార్థులని కాకుండా 'ఈఐటీలు', అంటే శిక్షణలో ఉన్న వ్యాపారులని పిలుస్తారు.

అక్కడ సాఫ్ట్‌వేర్ రాయడం, లెక్కలు చూడటం, అమ్మకం, పదిమంది ముందు నిలబడి మాట్లాడటం నేర్పుతారు. ఇవన్నీ ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఎవరైనా నేర్చుకోవచ్చు. నేర్చుకోలేనిది మరొకటుంది. ఒకే కప్పు కింద నెలల తరబడి బతకడం వల్ల ఎవరు మాట మీద నిలబడతారో, ఎవరు రాత్రి రెండింటికి కూడా తప్పు దిద్దుకునేదాకా లేవరో, డబ్బు దగ్గర ఎవరి బుద్ధి ఎలాంటిదో తెలిసిపోతుంది. వ్యాపారంలో భాగస్వామిని ఎంచుకోవడం పెళ్లి సంబంధం చూడటం లాంటిదే. జాతకాలు కలిస్తే చాలదు. ఒక నైజీరియా అబ్బాయి, ఒక ఘనా అమ్మాయి, ఒక కెన్యా ఇంజనీరు కలిసి కంపెనీ పెట్టాలంటే వాళ్లకు ముందు కలిసి ఉండే చోటు కావాలి. శిక్షణ చివర జట్లు పెట్టుబడి కోసం తమ ఆలోచనను వినిపిస్తాయి. నచ్చినవాటికి తొలి పెట్టుబడి, ఆఫీసు స్థలం దొరుకుతాయి. మిగతావాళ్లు మళ్లీ ఉద్యోగాల వేటలో పడతారు.

అలా బయటికొచ్చిన కంపెనీల్లో 'సాయా' కథ చెప్పుకోదగ్గది. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లు కూడా మామూలు బటన్ ఫోన్‌లో ఎస్సెమ్మెస్ ఆధారంగా చాటింగ్ చేసుకునే సౌకర్యం అది. 2012లో అమెరికాలో టెక్‌క్రంచ్ డిస్రప్ట్ అనే స్టార్టప్‌ల పోటీ వేదిక ఎక్కింది. 2014లో అమెరికా సంస్థ కిరుసా దాన్ని కొనేసింది. అదే కాలంలో వాట్సాప్ చవక ఫోన్లలోకి కూడా చేరుకుంటోంది కాబట్టి సాయాకు ఒంటరిగా ఎక్కువ కాలం దారి ఉండేది కాదేమో. అయినా ఇక్కడ చూడాల్సింది కంపెనీ ఎన్నాళ్లు బతికిందన్నది కాదు. అక్రాలో చదువుకున్న కుర్రాళ్లు తమ చుట్టూ ఉన్న మనుషుల చేతుల్లోని ఫోన్లు చూసి, ఆ ఫోన్లకే సరిపడే వస్తువు తయారుచేశారు. జీతం కోసం ఎదురుచూడాల్సిన ఏడాదిలో ఆ పని చేయగలిగారంటే, ఆ ఏడాది ఖర్చు ఇంకెవరో భరించారు కనకనే.

ఈ పద్ధతికి పెద్ద లోపం ఖర్చు. ఒక్కో మనిషిని ఏడాదంతా పోషించాలి కాబట్టి ఎక్కువమందిని తీసుకోలేరు. దీనికి పూర్తిగా ఎదురు దారిలో నడిచింది నైజీరియా బ్యాంకర్ టోనీ ఎలుమెలు పెట్టిన ఫౌండేషన్. యునైటెడ్ బ్యాంక్ ఫర్ ఆఫ్రికాకు ఛైర్మన్ అయిన ఎలుమెలు, పదేళ్లలో 10,000 మంది ఆఫ్రికా వ్యాపారులకు 10 కోట్ల డాలర్లు ఖర్చు చేస్తామని ప్రకటించి 2015లో మొదటి జట్టును ఎంపిక చేశారు. 20,000కు పైగా దరఖాస్తులొస్తే 1,000 మందిని తీసుకున్నారు. ఆన్‌లైన్‌లో కొన్ని వారాల శిక్షణ, ఒక మార్గదర్శి, ఆపైన తిరిగి కట్టనక్కర్లేని 5,000 డాలర్లు. డిగ్రీ ఉండాలన్న షరతు లేదు, ఏ ఆఫ్రికా దేశం వాళ్లయినా పర్వాలేదు. 2019 నాటికి దరఖాస్తులు రెండు లక్షలు దాటాయి. ఆ ఏడాది ఇతర సంస్థల సాయం కూడా తోడై 3,050 మందికి అవకాశం దొరికింది. అంటే వంద మందిలో ఒకరో ఇద్దరో.

5,000 డాలర్లతో ఏమవుతుంది? 2015లో డాలరు 200 నైరాల దరిదాపుల్లో ఉండేది కాబట్టి చేతికి సుమారు పది లక్షల నైరాలు వచ్చేవి. ఒక చిన్న బేకరీకి ఓవెను, రెండు నెలల పిండి, ఒక జనరేటరు కొనుక్కోవచ్చు. 2023 జూన్‌లో నైరా మారకపు రేటును మార్కెట్‌కు వదిలేశాక అది పడిపోతూ వచ్చి 2024లో డాలరు 1,500 నైరాలు దాటింది. కాగితం మీద అదే సాయం 2024లో డెబ్బై అయిదు లక్షల నైరాలు. కానీ ఓవెనూ, సోలార్ ప్యానెలూ, ల్యాప్‌టాపూ డాలర్లలోనే దిగుమతి అవుతాయి. 2023 మే నెలాఖరులో పెట్రోలు సబ్సిడీ ఎత్తేయగానే లీటరు 200 నైరాల లోపు నుంచి 500 దాటిపోయింది. వీధి చివర జిరాక్స్ షాపులో, మంగలి షాపులో పెట్టుకునే చిన్న జనరేటర్‌కు అక్కడి జనం పెట్టుకున్న పేరు 'ఐ బెటర్ పాస్ మై నైబర్', అంటే పక్కింటాయన కన్నా నేనే నయం అని. ఫెలోషిప్ డబ్బులో మంచి వాటా ఆ జనరేటర్ ట్యాంకులోకే పోతుంది. ఘనాలో కూడా అంతే. 2012 నుంచి నాలుగేళ్ల పాటు కరెంటు కోతలు ఎంతగా వేధించాయంటే 'దుమ్‌సోర్' అనే అక్కడి ట్వి భాష మాట, అంటే ఆరిపోవడం వెలగడం, రోజువారీ భాషలో స్థిరపడిపోయింది. 2022 డిసెంబరులో ఘనా ద్రవ్యోల్బణం 54 శాతానికి చేరింది. ఇలాంటి చోట ఒక కుర్రాడి వ్యాపారం మునిగిపోతే, తప్పు అతని ప్లానుదని ఎలా అంటాం?

డబ్బు ముఖ్యమా, శిక్షణ ముఖ్యమా అన్న ప్రశ్నకు జవాబు ఊహించుకోనక్కర్లేదు. నైజీరియా ప్రభుత్వమే ఒక పెద్ద ప్రయోగం చేసిపెట్టింది. గుడ్‌లక్ జోనాథన్ అధ్యక్షుడిగా ఉండగా 2011లో 'యూ విన్' పేరుతో యువ వ్యాపారుల పోటీ పెట్టారు. దాదాపు 24,000 మంది దరఖాస్తు చేశారు. అందులోంచి వేలమందికి నాలుగు రోజుల శిక్షణ ఇచ్చి వ్యాపార ప్రణాళికలు రాయించారు. అందరికన్నా బాగా రాసినవాళ్లకు నేరుగా డబ్బిచ్చారు. ఆ తర్వాతి వరసలో మిగిలిన 1,841 మందిలోంచి 729 మందిని మాత్రం లాటరీ తీసి ఎంపిక చేశారు. సగటున ఒక్కొక్కరికి 50,000 డాలర్లు. అంటే ఎలుమెలు సాయానికి పదింతలు.

లాటరీ కావడం వల్లే ఇది విలువైన పాఠమయింది. గెలిచినవాళ్లకూ ఓడినవాళ్లకూ మధ్య తెలివిలో, చదువులో, ఇచ్చిన శిక్షణలో తేడా లేదు. తేడా అంతా చేతికొచ్చిన డబ్బులోనే. ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్త డేవిడ్ మెకెంజీ వీళ్లందరినీ కొన్నేళ్లపాటు వెంబడించి చూశారు. కొత్తగా వ్యాపారం పెట్టాలనుకున్నవాళ్లలో, డబ్బు దొరికినవాళ్లు మూడేళ్ల తర్వాత కూడా వ్యాపారం నడుపుతూ ఉండే అవకాశం దొరకనివాళ్ల కన్నా 37 శాతం పాయింట్లు ఎక్కువ. పది మంది, ఆపైన పనివాళ్లున్న స్థాయికి చేరడంలోనూ ఇరవైకి పైగా పాయింట్ల తేడా. మొత్తం మీద ఏడువేల దాకా ఉద్యోగాలు పుట్టాయని ఆయన లెక్క తేల్చారు. సర్కారు డబ్బు పంచితే అయినవాళ్ల జేబుల్లోకి పోతుందన్న అనుమానం నైజీరియాలో బలంగా ఉన్న రోజుల్లో వచ్చిన ఫలితం ఇది.

అదే సమాచారంతో తర్వాత చేసిన మరో పరిశీలన ఇంకా ఆలోచింపజేస్తుంది. న్యాయనిర్ణేతలు ప్రణాళికలకు వేసిన మార్కులకూ, మూడేళ్ల తర్వాత ఆ వ్యాపారాల అమ్మకాలకూ, లాభాలకూ, అసలు బతికి ఉన్నాయా లేదా అన్నదానికీ పొంతన కుదరలేదు. కంప్యూటర్ నమూనాలతో ముందే కనిపెట్టే ప్రయత్నం చేసినా పెద్దగా లాభం లేకపోయింది. అనుభవమున్న పెద్దలు కూర్చుని "ఇతను పైకొస్తాడు" అని తేల్చేది నిజానికి ఎవరు బాగా రాశారు, ఎవరు బాగా మాట్లాడారు అన్నదే. ఫెలోషిప్‌ల ఎంపిక వ్యవస్థ మొత్తం నిలబడింది ఈ తీర్పు మీదే. నగరంలో, ప్రైవేటు యూనివర్సిటీలో, ఇంగ్లిషులో చదువుకున్న పట్టభద్రుడికి ఇక్కడ ఎంత మొగ్గు ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఉత్తర నైజీరియాలోని చిన్న పట్టణంలోనో, ఫ్రెంచి మాట్లాడే బుర్కినా ఫాసోలోనో ఉండి, మొబైల్ డేటా లెక్కపెట్టుకుంటూ ఆన్‌లైన్ ఫారం నింపే అమ్మాయి అంతే తెలివిగలదై ఉండవచ్చు. కానీ ఆమె రాసిన నాలుగు పేజీల్లో ఆ తెలివి కనబడకపోవచ్చు.

దీన్ని గుర్తించినట్టే ఉంది 'జసిరి' అనే ఫెలోషిప్ నడిచే తీరు. జసిరి అంటే స్వాహిలీలో ధైర్యం గల అని. దీని వెనక ఉన్నది కేప్‌టౌన్‌లో 1973లో పెట్టుబడుల సంస్థ పెట్టిన అలన్ గ్రే కుటుంబపు దాతృత్వ నిధి. ఆ కుటుంబమే 2005 నుంచి దక్షిణాఫ్రికా ప్రాంతంలో అలన్ గ్రే ఆర్బిస్ ఫౌండేషన్ ద్వారా విద్యార్థులను యూనివర్సిటీ దశ నుంచే వ్యాపారం వైపు నడిపిస్తోంది. జసిరి తొలుత రువాండా, ఇథియోపియా వాళ్లకు, తర్వాత కెన్యా వాళ్లకూ అందుబాటులోకి వచ్చింది. ఇందులో చేరడానికి వ్యాపార ఆలోచన అక్కర్లేదు, భాగస్వామి అక్కర్లేదు. మనిషి ఉంటే చాలు. వసతి, నెలసరి భత్యం ఇచ్చి, కలిసి ఉంచి, భాగస్వాములను వెతుక్కోనిచ్చి, ఆ తర్వాతే ఏ సమస్య మీద పనిచేయాలో తేల్చుకోమంటారు. ప్లానుకు మార్కులు వేసే పద్ధతి కన్నా ఇది నిజాయితీ గల దారి. పట్టభద్రుడి చేతిలో మొదటిరోజే గొప్ప ఆలోచన ఉండాలని కోరడం, ఇంకా దున్నని పొలంలో పంట చూపించమన్నట్టే.

అయితే శిక్షణ మొత్తం వృథా అని కొట్టిపారేయలేం. టోగో రాజధాని లోమేలో 1,500 మంది చిరువ్యాపారుల మీద జరిగిన ప్రయోగం ఫలితాలు 2017లో వచ్చాయి. మూడో వంతు మందికి మామూలు వ్యాపార పాఠాలు, అంటే ఖాతాలు, మార్కెటింగ్ లాంటివి చెప్పారు. మరో మూడో వంతు మందికి చొరవ చూపడం, పోటీదారుల కన్నా భిన్నంగా ఆలోచించడం, దెబ్బతిన్నాక మళ్లీ లేవడం నేర్పారు. మామూలు పాఠాలు విన్నవాళ్ల లాభాల్లో నమ్మదగ్గ పెరుగుదల కనిపించలేదు. రెండో రకం వాళ్ల లాభాలు 30 శాతం పెరిగాయి. పెళ్లి గౌన్లు అద్దెకిచ్చే ఒకామె అక్కడితో ఆగకుండా చేతి తొడుగులు, తలముసుగులు అమ్మడం కూడా మొదలుపెట్టింది. కొనడానికి వచ్చిన మనిషి ఇంకేం కొంటుందని అడగడం నేర్చుకుందంతే. కానీ వీళ్లంతా అప్పటికే కొట్టు నడుపుతున్నవాళ్లు, సగటు వయసు నలభై దాటినవాళ్లు. నేర్చుకున్నది మర్నాడే కొట్లో వాడుకునే వీలుంది వాళ్లకు.

చేతిలో కొట్టు లేని పట్టభద్రుడికి పాఠం మాత్రమే చెబితే ఏమవుతుందో ట్యునీషియా చూపించింది. 2009 నుంచి అక్కడి వృత్తి సంబంధ డిగ్రీ విద్యార్థులు చివరి ఏడాది థీసిస్ బదులు వ్యాపార ప్రణాళిక రాయవచ్చన్నారు. శిక్షణ, మార్గదర్శి, అన్నీ ఏర్పాటు చేశారు. చదువయ్యాక సొంత పని పెట్టుకున్నవాళ్ల సంఖ్య పెరిగింది కానీ ఆ పెరుగుదల ఒకటి నుంచి నాలుగు శాతం పాయింట్లు మాత్రమే. మొత్తం ఉపాధి పెరగలేదు. నాలుగేళ్ల తర్వాత చూస్తే ఆ కాస్త తేడా కూడా మిగల్లేదు. ఈలోగా 2010 డిసెంబరులో సిది బౌజిద్ పట్టణంలో మొహమ్మద్ బౌఅజీజి ఒంటికి నిప్పంటించుకోవడం, దేశం అట్టుడికిపోవడం జరిగాయి. ఆయన్ను నిరుద్యోగ పట్టభద్రుడని చాలామంది రాశారు, అది తప్పు. హైస్కూలు కూడా పూర్తికాని తోపుడుబండి వ్యాపారి ఆయన. వ్యాపారం చేయడం రాక కాదు, చేయనివ్వక ఆయన ప్రాణం పోయింది.

డబ్బు కూడా మంత్రదండం కాదన్నది ఉత్తర ఉగాండా చెబుతుంది. 2008లో యువత గుంపులకు మనిషికి దాదాపు 400 డాలర్ల చొప్పున ఇస్తే నాలుగేళ్లకు వాళ్ల ఆదాయం మిగతావాళ్ల కన్నా 38 శాతం ఎక్కువైంది. తొమ్మిదేళ్లకు మిగతావాళ్లు కూడా వాళ్లను అందుకున్నారు. దీన్ని ఓటమిగా చూడనక్కర్లేదు. అయిదారేళ్ల ముందే నిలదొక్కుకున్న కుటుంబం ఆ అయిదారేళ్లలో పిల్లల్ని బడికి పంపి ఉంటుంది, ఇంటికి రేకులు వేయించుకుని ఉంటుంది. గడువు కొనిచ్చిన డబ్బు గడువు మేరకే పనిచేసింది.

ఆ తర్వాతి మెట్టు దగ్గర ఇంకో చిక్కుంది. ఫెలోషిప్ దాటి పెద్ద పెట్టుబడి కోసం వెళ్తే, ఆఫ్రికా స్టార్టప్‌లకు వచ్చే నిధుల్లో సింహభాగం నైజీరియా, కెన్యా, ఈజిప్టు, దక్షిణాఫ్రికాలకే పోతోంది. మిగతా యాభై దేశాలు చిల్లర పంచుకుంటాయి. పెట్టుబడిదారులు అడిగారని చాలా కంపెనీలు అమెరికాలోని డెలావేర్‌లో నమోదవుతాయి. బాగా రాణించినవాళ్లలో కొందరు మనుషులుగా కూడా దేశం దాటుతారు. దానికి యొరూబా మాట 'జాపా', పారిపోవడమని అర్థం. నైజీరియా యువతలో ఆ మాట ఇప్పుడు ఎవరి నోట చూసినా వినబడుతుంది. అయితే ఒక ఎదురు ఉదాహరణను కూడా మరవకూడదు. నైజీరియాలోనే బాబ్‌కాక్ యూనివర్సిటీలో చదువుకున్న ఇద్దరు పెట్టిన ఆన్‌లైన్ చెల్లింపుల కంపెనీ పేస్టాక్‌ను 2020లో స్ట్రైప్ సంస్థ 20 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొంది. అలాంటి ఒక్క కంపెనీలో పనిచేసి బయటికొచ్చినవాళ్లు కొత్తగా ఇంకొన్ని పెడతారు. ఓడిపోయిన ఫెలో కూడా అలాంటి కంపెనీలోనే ఉద్యోగానికి చేరి, తన ఓటమిలో నేర్చుకున్నది అక్కడ వాడతాడు. ఏ ఫెలోషిప్ వార్షిక నివేదికలోనూ ఇది లెక్కకు రాదు. ఎంతమంది కంపెనీలు పెట్టారన్నదే రాస్తారు. ఓడిపోయినవాళ్లు ఏమయ్యారన్నది కూడా రాస్తే ఆ డబ్బు అసలు విలువ తెలుస్తుంది.

ఈ విషయానికి హైదరాబాద్‌తోనూ ఒక బంధం ఉంది. యూసుఫ్‌గూడలోని జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థకు భారత ప్రభుత్వ ఐటెక్ పథకం కింద ఆఫ్రికా దేశాల అధికారులు ఏళ్ల తరబడి వస్తున్నారు. చిన్న పరిశ్రమలను, కొత్త వ్యాపారులను ఎలా ప్రోత్సహించాలో కొన్ని వారాలు ఇక్కడుండి నేర్చుకుని వెళ్తారు. సొంత దేశానికి వెళ్లాక యువతకు పథకాలు నడిపేది ఇలాంటి అధికారులే. తరగతి గది ఎలా నడపాలో తెలుసుకోవడంతో పాటు, తరగతి అయిపోయిన మర్నాటి నుంచి ఆ కుర్రాడి ఇల్లు ఎలా గడవాలన్న ప్రశ్న కూడా వాళ్లు వెంట తీసుకెళ్తే బాగుంటుంది.

ఎందుకంటే శిక్షణ చౌక. ఒక హాలు, ఒక ప్రొజెక్టర్, ఒక వెబ్‌సైట్ ఉంటే వేలమందికి ఇచ్చామని లెక్క చూపించవచ్చు. గడువు కొనివ్వడం ఖరీదు, పైగా కొద్దిమందికే అందుతుంది, ఓడిపోయినవాళ్లు కళ్లెదుటే కనబడతారు. అందుకే బడ్జెట్ తగ్గినప్పుడల్లా ముందు పోయేది చేతికిచ్చే డబ్బు, మిగిలేది పాఠం. యూ విన్‌కు కూడా అదే జరిగింది. 2015లో ప్రభుత్వం మారింది. మరుసటి ఏడాది ఆ పేరుతోనే కొత్త రూపం వచ్చింది. అందులో పెద్ద గ్రాంట్లకు బదులు శిక్షణ కార్యక్రమాలకే పెద్దపీట వేశారు. పాత పథకం పనిచేసిందని చూపించిన మెకెంజీ అధ్యయనం ప్రముఖ ఆర్థికశాస్త్ర పత్రికలో అచ్చయ్యేసరికి 2017 వచ్చింది.